కింద ఎవురుండారు?

మా ఊరి చివర ఒక మిట్టచేను ఉంది. ఎర్ర నేల. వాన పడిన ఏడు రాగి, పడని ఏడు గడ్డి, అంతకు మించి అది ఎవరికీ ఏమీ ఇచ్చిన పాపాన పోలేదు. ఆ చేను మీద బయటి పార్టీ ఒకటి కన్నేసి, కొని సైట్లు చేస్తామని వచ్చినప్పుడు నాకు ఒళ్ళు మండింది. బేతమంగళ నుంచి కేజీఎఫ్‌కి పోయే బస్సులో కూర్చుంటే అలాంటి లేఔట్లు ఎన్నో కనిపిస్తాయి. రంగు రాళ్ళు పాతి, పెద్ద గేటు పెట్టి, గేటుకి తాళం వేసి వదిలేసినవి. ఒక్క ఇల్లు లేవదు, ఒక్క పొయ్యి వెలగదు. "రాళ్ళకి జాగా దొరికింది, మనుషులకి దొరకలేదు" అని ఊరి మీటింగులో గట్టిగానే అన్నాను. నాకు నోరెక్కువని ఊరంతటికీ తెలుసు. ఆ రోజు నుంచి ఎవరితో మాట్లాడాల్సిన పని వచ్చినా నన్నే ముందుకు తోయడం మొదలుపెట్టారు.

ఊళ్ళో ఇళ్ళు చాలడం లేదన్న మాట మాత్రం నిజం. అన్నదమ్ములు వేరుపడితే ఒకే వసారాలో పొయ్యిలు పెరుగుతున్నాయి. పట్టుపురుగుల తట్టలు పెట్టిన గదిలోనే పిల్లలు చదువుకుంటున్నారు, పురుగులు ఆకు నమిలే చప్పుడులో ఎక్కాలు అప్పజెబుతున్నారు. మిట్టచేనులో పెద్ద వాటా మా మామది, అంటే మా ఆయన తండ్రిది. ఆయన మీటింగులో చివరిదాకా ఊరుకుని, తువ్వాలు దులిపి భుజాన వేసుకుంటూ లేచాడు.

"అమ్మేది లేదప్పా. ఇండ్లు కావాల అంటే మనమే కట్టుకుందాము. చెరువుకు నీళ్ళు పోయే కాలువ మీద మాత్రం ఒక్క రాయి పడకూడదు. అదొక్కటే నా మాట" అన్నాడు.

అలా మొదలైంది మా కొత్త కాలనీ ప్లాను. బైరకూరు దగ్గరి పల్లెలో పుట్టి బెంగళూరులో చదువుకున్న అమ్మాయి ఒకామె, ఇళ్ళ ప్లాన్లు గీయడం ఆమె పని, మాకోసం వచ్చింది. గోడలకు ఇటుకలు బట్టీ నుంచి తేవద్దు, అక్కడ తవ్విన మట్టినే అచ్చులో నొక్కి ఇటుకలు చేద్దామంది. స్నానాల నీళ్ళు మల్బరీ తోటకి పోవాలంది. ఆవులన్నిటికీ కలిపి ఒకే కొట్టం, పేడ నుంచి వంటకి గ్యాసు. చేను మధ్యలో ఎండిపోయిన పాత బావి ఒకటి ఉంది, మేము అందులో చెత్త వేస్తుండేవాళ్ళం. ఇళ్ళ కప్పుల మీద పడిన వాన నీళ్ళంతా ఆ బావిలోకి పోవాలంది. ఇదంతా ఒక పెద్ద కాగితం మీద గీసి తెచ్చింది. అందరూ ఆ కాగితం చుట్టూ చేరి తలలూపారు. మా మామ దాన్ని తలకిందులుగా పట్టుకుని చాలాసేపు చూసి "బాగుండాది" అన్నాడు. ఆ అమ్మాయి నవ్వేసి, కాగితం చుట్ట చుట్టి సంచీలో పెట్టేసింది. "ఇట్లయితే కుదరదు మామా. చేన్లోనే గీసి చూపిస్తాను" అంది.

మరుసటి రోజు పొద్దున నేను డెయిరీలో పాలు పోసి, ఖాళీ క్యాను పట్టుకుని అటు తిరిగి చూస్తే చేనులో ఊరు ఉంది.

ఎలా చెప్పాలో తెలియదు. గోడ లేదు, కప్పు లేదు. తాళ్ళు పట్టి, సున్నం పొడి పోసి, ఉన్నది ఉన్నంత కొలతలో గీసిన గీతలు అంతే. వంటిల్లు, పడకగది, వసారా, కొట్టం, బట్టలుతికే బండ. తలుపు ఉండాల్సిన చోట గీత తెగి సందు ఉంది. ఎర్ర నేల మీద ఆ తెల్లటి గీతలు ఎండలో మెరుస్తుంటే నేను క్యాను కింద పెట్టేసి నిలబడిపోయాను. రోజూ తొక్కుతూ పోయే చేనే. ఏ గీత తొక్కితే ఎవరికి తగులుతుందోనని కాలు ముందుకు పడలేదు.

ఊరంతా వచ్చింది. అప్పుడు చూసింది నేను జీవితంలో మర్చిపోను. ఒక్కరు కూడా గీత దాటలేదు. ఎంత దూరమైనా చుట్టూ తిరిగి, సందు ఉన్న చోటికి వచ్చి, అక్కడ చెప్పులు విడిచి, లోపలికి అడుగుపెట్టారు. మా మామ తలుపు సందు దగ్గర తల వంచి మరీ లోపలికి పోయాడు, పైన ఆకాశం తప్ప ఏమీ లేదు. నా తోడికోడలు వంటింట్లో నిలబడి, పక్క గదిలో ఉన్న నన్ను గొంతు పెంచి పిలిచింది. మా ఇద్దరి మధ్య మూరెడు దూరం కూడా లేదు. నేనూ గొంతు పెంచే పలికాను. నవ్వు రాలేదు. లేని గోడకి ఇంతమంది ఇంత మర్యాద ఇస్తారని నేను ఎప్పుడూ అనుకోలేదు.

గొడవ ఎక్కడ వచ్చిందంటే, గీత దగ్గరే వచ్చింది. రెండిళ్ళకి మధ్య ఒకే గీత ఉంది. "ఈ గోడ ఎవురిది?" అని ఒకరు అడిగారు. ఇద్దరిదీ అని ఆ అమ్మాయి చెప్పింది. ఒకే గోడకి రెండిళ్ళు ఆనుకుంటే ఇటుకలు కలిసొస్తాయి, నేల మిగులుతుంది, ఎండాకాలం ఇల్లు చల్లగా ఉంటుంది. మా వాళ్ళకి ఇదేమీ ఎక్కలేదు. పక్కింటోళ్ళ దగ్గు కూడా మనకి వినబడుతుందట, మనం ఏం తిన్నామో వాళ్ళకి వాసనట, మొగుడూ పెళ్ళాం తిట్టుకుంటే ఊరికి పండగట. ఒకరి తర్వాత ఒకరు చెప్పులేసుకుని వెళ్ళిపోయేలా ఉన్నారు. అప్పుడు నాకు మా అమ్మ గుర్తొచ్చింది.

"ఆగండి. మా అమ్మను పిలిపిస్తా. బతుకంతా ఆయమ్మ ఇట్లాంటి ఇంట్లోనే ఉండింది. ఆమెనే అడగండి" అన్నాను.

మా అమ్మ ఉండేది కేజీఎఫ్ బంగారు గనుల దగ్గర, కోరమండల్‌లో, లైనింట్లో. గని పనివాళ్ళ కోసం ఒకే కప్పు కింద, గోడకి గోడ ఆనించి, వరసగా కట్టిన ఇళ్ళని మేము లైను అంటాం. మా తాత చిత్తూరు వైపు పల్లె నుంచి కరువులో వచ్చి గనిలో చేరాడు. ఆయన వెనక మా నాన్న. మా ఇళ్ళల్లో "కిందికి పోయినాడు" అంటే పనికి పోయాడని, "పైకొచ్చినాడు" అంటే డ్యూటీ దిగాడని. ఆ మాటలకి ఇంకో అర్థం ఉంటుందని పెళ్ళయి ఈ ఊరికి వచ్చాకే తెలిసింది. ఇక్కడ కిందికి పోయాడంటే చెరువు కింది మడికి పోయాడని.

నాన్న షిఫ్టులో ఉన్నంతసేపు మా ఇంట్లో రోకలి లేచేది కాదు. నూరుకోవచ్చు, దంచకూడదు. అది అమ్మ పెట్టిన రూలు. లైనులో ఇంకా కొన్ని ఇళ్ళల్లో కూడా ఉండేది. గనిలో ఎప్పుడైనా రాయి ఒత్తిడికి పగిలితే, ఎయిర్ బ్లాస్టు అనేవాళ్ళు, మా ఇల్లు అదిరేది. స్టాండులో గిన్నెలు గలగలమనేవి. అమ్మ పొయ్యి దగ్గరి నుంచి లేచి వాకిట్లోకి వచ్చి నిలబడేది. లైనులో ఆడవాళ్ళందరూ అలాగే వచ్చి నిలబడేవాళ్ళు. అందరి చూపూ నేల మీదే.

నాన్నకి అమ్మ రూలు చూస్తే నవ్వు. "నేను పని చేసేది మనింటి కింద కాదే. యాడో దూరం. అంత లోతుకి నీ రోకలి ఇనపడతాదా?" అనేవాడు.

"కింద దెబ్బ పడితే మాకు ఇనపడతా ఉండాది గదా. పైన దెబ్బ పడితే మీకు ఇనపడదని ఎట్ల చెప్తావు?" అనేది అమ్మ.

నాన్న తల అడ్డంగా ఊపి షిఫ్టుకి పోయేవాడు. 

నాన్నకి సెలవు దొరికిన రోజే మా ఇంట్లో ఊరిబిండి. వేరుశనగలు, ఎండుమిరపకాయలు వేయించి, చింతపండు, తెల్లగడ్డ వేసి కచ్చాపచ్చాగా దంచిన పచ్చడి. వేడి సంగటిలో అది నంజుకుని తింటూ ఉంటే సెలవు అనే మాటకే ఒక కారం ఉండేది. ఆ రోజు కూడా అమ్మ ఊరికే దంచేది కాదు. గోనెసంచి మడిచి దాని మీద రోలు పెట్టేది, దెబ్బ నేలకి తగలకుండా. తర్వాత అటు గోడవైపు, ఇటు గోడవైపు తిరిగి "దంచతా ఉండాము" అని కేకేసేది. కుడి పక్కింట్లో తమిళం మాట్లాడే అక్క ఉండేది. వాళ్ళాయన కింద ఉంటే ఆ అక్క "ఇరు" అనేది, ఆగు అని. అమ్మ రోకలి పక్కన పెట్టి కూర్చునేది, మేము కడుపులు పట్టుకుని ఆవిడ మొగుడు ఎప్పుడు వస్తాడా అని చూసేవాళ్ళం. వాళ్ళాయన వచ్చేస్తే గోడ అవతలి నుంచి ఇంకో కేక వినబడేది.

"ఇడి అక్కా. మేల వందుట్టాంగ."

దంచు అక్కా, పైకొచ్చేసినారు అని. ఆ మాట వింటే చాలు మా నోట్లో నీళ్ళూరేవి. నాకు తమిళంలో మొదట వచ్చిన మాట అదే.

గని మూతపడ్డాక షిఫ్టు సైరన్ ఆగింది. నాన్న శాశ్వతంగా పైకొచ్చేశాడు. కొన్నేళ్ళు అమ్మ ఏ పూట పడితే ఆ పూట, గోనెసంచి వేసుకునే, దంచింది. తర్వాత నాన్నకి దగ్గు ముదిరింది. ఆయన పోయాక, మా వాళ్ళ ఆనవాయితీ ప్రకారం పూడ్చిపెట్టాం. దినం అయిపోయిన మర్నాడు, ఏదో ఒకటి తినాలి కదా అని నేను వేరుశనగలు వేయించి రోలు ముందుకు లాగాను. అమ్మ వచ్చి రోకలి మీద చెయ్యి వేసింది.

"వద్దు. మళ్ళా దిగినాడు గదా" అంది.

అంతే. ఆ రోజు నుంచి ఆ రోకలి మూలకి ఆనుకుంది. మనిషి మాత్రం దిగాలుగా కూర్చునే రకం కాదు. పొద్దున్నే ఇడ్లీలు వేసి బస్టాండు దగ్గర అమ్ముతుంది, బస్సు కండక్టర్లతో మూడు భాషల్లో పోట్లాడుతుంది. మిక్సీ కొనుక్కుంది. దంచడం మాత్రం లేదు.

నేను ఫోను చేసిన మర్నాడే అమ్మ వచ్చింది. గోడల గురించి చెప్పాలి అంటే, ఏదో కోర్టుకి సాక్ష్యానికి పిలిచినట్టు మంచి చీర కట్టుకుని వచ్చింది. సున్నం గీతల ఊరు చూసి ఆమె కూడా నాలాగే నిలబడిపోయింది. తర్వాత సందు దగ్గర చెప్పులు విడిచి ఒక ఇంట్లోకి వెళ్ళి, గోడ ఉండాల్సిన గీత పక్కన కూర్చుంది. ఊరి ఆడవాళ్ళు చుట్టూ చేరారు.

"పక్కింట్లో మాటలన్నీ ఇనపడతాయా అమ్మా?" అని నా తోడికోడలు అడిగింది.

"ఇనపడతాయి. మొదట్లో సిగ్గు. మన గలాటా వాళ్ళకి ఇనపడతా ఉండాదే అని. ఇంగ కొన్నాళ్ళు పోతే వాళ్ళ గలాటా మనకి ఇనపడాల. ఒక పూట ఇనపడలేదనుకో, బేజారైపోతాది. పోయి తలుపు కొడతాము."

అందరూ నవ్వారు. గీత గొడవ అక్కడితో సగం తీరింది. ఆ అమ్మాయి గోడ ఎంత మందం ఉండాలో అడుగుతుంటే అమ్మ చేతులు చాపి చూపిస్తోంది. అంతలో చేను అవతలి మూల మేస్త్రీ హద్దుకి గూటం పాతుతూ సమ్మెటతో కొట్టాడు. ఒక దెబ్బ. రెండో దెబ్బ. అమ్మ కూర్చున్న చోటి నుంచి లేచి నిలబడి చెయ్యి పైకెత్తింది.

"ఆగప్పా" అంది.

మేస్త్రీ సమ్మెట గాల్లోనే ఆపాడు. పాము కనబడిందేమో అనుకుని పక్కవాళ్ళు వెనక్కి జరిగారు.

"ఏమైందమ్మా?"

"కింద ఎవురుండారు?" అంది అమ్మ.

ఎవరికీ అర్థం కాలేదు. ప్లాను గీసే అమ్మాయి దగ్గరికి వచ్చి మెల్లగా చెప్పింది. "కింద గట్టి రాయుండాదమ్మా. పునాదికి ఏం భయం లేదు."

"రాయి గాదు పాపా. మనుషులు. ఈ నేల కింద ఎవురు పని చేస్తా ఉండారు?"

ఎవరో కిసుక్కున నవ్వబోయి ఆగిపోయారు. ఈ ఊరికి కాపురానికి వచ్చి ఇన్నేళ్ళయింది. ఈ నేల మీద దున్నాను, కళ్ళం చేశాను, పిల్లల్ని ఆడించాను. కింద ఎవరైనా ఉన్నారా అని ఒక్కసారి కూడా అడగలేదు. నేల అంటే మనుషుల నెత్తి మీది కప్పు అని నమ్మి బతికిన మనిషి నా ఎదురుగా చెయ్యెత్తి నిలబడి ఉంది, ఆమె కడుపున పుట్టిన నేను ఆ సంగతే మర్చిపోయాను.

మా మామ ఒక్కడే నవ్వలేదు, ఆశ్చర్యపోలేదు. తువ్వాలు తీసి చేతికి చుట్టుకుంటూ దగ్గరికి వచ్చాడు.

"ఎవురూ లేరు చెల్లెమ్మా. బోరు వేసినప్పుడు చూసినాము. దుమ్ము లేచింది, అంతే. మనుషులు లేరు, నీళ్ళూ లేవు. ఇంగ మేమే పంపించాల."

"ఏం పంపిస్తారన్నా?"

"వాన నీళ్ళు. ఈ ఇండ్ల మీద పడిందంతా ఆ బావిలోకి పోతాది. బావిలోనుంచి కిందికి."

"పంపించి?"

"పంపించి ఏముండాది. ఊరుకునేదే. నేల తాగతాది. మన పిల్లకాయల కాలానికి ఎప్పుడన్నా పైకి వస్తాది."

అమ్మ బావి వైపు చూసింది. "మా తావ కిందినుంచి పైకి తెచ్చేదే తెలుసన్నా. కిందికి ఇచ్చేది ఇప్పుడే ఇంటా ఉండా" అంది. తర్వాత కూర్చుని అరచెయ్యి నేలకి ఆనించింది. చెయ్యి అక్కడే ఉంచి చేను ఈ చివర నుంచి ఆ చివర దాకా, దాని వెనక ఇంకో చేను, ఆ వెనక మామిడి తోటలు, అన్నీ చూసింది. "ఇంత నేల. కింద ఎవురూ లేకుండా" అంది. తిరునాళ్ళలో రథం కదిలినప్పుడు ఆమె ముఖం ఎలా ఉంటుందో అప్పుడు అలా ఉంది. మేమందరం కూడా మా చేను వైపు అప్పుడే కొత్తగా చూశాం.

ఆ సాయంత్రమే మా మామ అడిగాడు, కాలనీలో ఒక ఇల్లు నువ్వు కూడా తీసుకో చెల్లెమ్మా, నీ ఇంట్లో నువ్వు ఉంటావు, కూతురు పిలిస్తే పలికే దూరంలో ఉంటుంది అని. నాకు ఆశ పుట్టింది. అల్లుడింట్లో ఉండనని అమ్మ ఎప్పుడో తేల్చేసింది, ఇది అల్లుడిల్లు కాదు. అక్కడ లైనులో చివరి ఇంటి కప్పు ఆ ఏడు వానకి కూలిపోయింది. అమ్మ మంచం మీద కూడా కారుతోంది, గిన్నెలు పెట్టుకుని మంచం అటూ ఇటూ జరుపుకుంటోంది. పక్కింటి తమిళం అక్క హోసూరులో కూతురి దగ్గరికి వెళ్ళిపోయింది. గోడ అవతల ఇప్పుడు ఎవరూ లేరు. కూలే వంతు ఎప్పుడైనా మా అమ్మ ఇంటికే రావచ్చని నాకు భయం.

బస్టాపులో నిలబడి అమ్మ రానంది.

"నేను లేచి వచ్చేస్తే ఆ ఇంట్లోకి ఇంగెవురన్నా వస్తారు. దంచతారు. వాళ్ళకి తెలియదు గదా" అంది.

నాకు కోపం నెత్తికెక్కింది. "అమ్మా, నాన్నను పూడ్చింది మనింటి కింద కాదు. శ్మశానం లైనుకి అవతల ఉండాది."

"తెలుసు."

"ఇంగేం మరి?"

"నీకు కోపమెక్కువ. బస్సొచ్చింది చూడు" అని ఎక్కి కూర్చుంది. కిటికీలోంచి చెయ్యి కూడా ఊపలేదు. నేను ఇంటికి వచ్చి గేదెని తిట్టాను, అదేం చేసిందని.

కానీ అప్పటి నుంచి ఆమె ఫోన్లు మొదలయ్యాయి. ఇడ్లీల బేరం అయ్యాక చేసేది. సంగతులన్నీ అయ్యాక, పెట్టేసే ముందు, ఏదో అప్పుడే గుర్తొచ్చినట్టు అడిగేది. "ఆ చేను కింద ఎవురూ లేరని మీ మామ చెప్పింది నిజమేనా?" నిజమే అనేదాన్ని. ఇంకోసారి మా మామకే ఫోను ఇమ్మంది. ఆయన ఓపికగా, బోరు ఎంత లోతుకి పోయిందో, ఏ రంగు దుమ్ము వచ్చిందో మళ్ళీ మొదటి నుంచి చెప్పాడు. ఫోను నాకిచ్చేస్తూ "మీ అమ్మ అడిగితే నాకే అనుమానం వస్తా ఉండాది" అన్నాడు.

ఈలోగా మా పనులు మెల్లగా సాగుతున్నాయి. బావిలో చెత్త తీశాం. నీళ్ళు వచ్చే దారి తవ్వాం, బావి ముందు ఇసుక, కంకర పోసి నీళ్ళు వడకట్టే గుంత చేశాం. ఒక మధ్యాహ్నం ఉన్నట్టుండి మబ్బు పట్టి జోరున వాన పడింది. సున్నం గీతలు కొట్టుకుపోతాయని ఊరంతా బాధపడుతుంటే నేను గొడుగు కూడా లేకుండా బావి దగ్గరికి పరిగెత్తాను. నీళ్ళు మేము తవ్విన దారిలో ఎర్రగా వచ్చి, గుంతలో కాసేపు తిరిగి, గొట్టంలోంచి బావిలోకి దూకుతున్నాయి. పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి నీళ్ళని పైకి లాగడమే చూశాను. బేతమంగళ నీళ్ళు గొట్టాల్లో అంత దూరం వచ్చి మా లైను కొళాయిలో పడితే బిందెల కోసం జుట్లు పట్టుకున్నాం. ఇక్కడ అవే నీళ్ళు, ఎవరూ లాగకుండా, ఎవరూ అడగకుండా, చీకట్లోకి వాటంతట అవి దిగిపోతున్నాయి. బావి అడుగున పడేచోట గుబగుబమని శబ్దం. నాకు ఏడుపు వచ్చింది, ఎందుకో చెప్పలేను.

తడిసిన చేత్తోనే అమ్మకి ఫోను చేశాను. "ఇను" అని ఫోను బావిలోకి చాపి పట్టుకున్నాను. జారి పడితే ఫోను పోతుందన్న ఆలోచన కూడా లేదు. చాలాసేపటికి చెవి దగ్గర పెట్టుకుంటే అటువైపు ఏమీ వినబడలేదు. పెట్టేసిందేమో అనుకున్నాను.

"కిందికి పోతా ఉండాదా?" అంది అమ్మ.

"పోతా ఉండాదమ్మా."

అటు అమ్మ గిన్నె పక్కన పెట్టిన చప్పుడు వినబడింది.

"ప్లాను గీసే ఆ పాపకి చెప్పు. నా ఇంట్లో వంట మూల బండలు పరిచేదొద్దు. మట్టి అట్లే వదిలేయమను. రోలు పాతాల."

నేను బావి గట్టు మీద అలాగే కూర్చుండిపోయాను. గోనెసంచి మీద తప్ప రోలు పెట్టని మనిషి. దెబ్బ నేలకి తగలకూడదని బతుకంతా జాగ్రత్తపడిన మనిషి. వస్తానని చెప్పలేదు, ఇల్లు కావాలని చెప్పలేదు. రోలు పాతాలంది.

వాన వెలిశాక గీతలు మళ్ళీ పోశారు. ఆ అమ్మాయి నేను చెప్పినదానికి ఎందుకని అడగలేదు. మా మామ చెప్పి ఉంటాడు. కాలనీలో చివరి వరసలో, వంట మూలలో, సున్నంతో చిన్న గుండ్రం గీసింది. అంత పెద్ద ప్లానులో గుండ్రంగా ఉన్నవి రెండే, ఆ బావి, ఈ రోలు.

గోడలు లేవకముందే రోలు పాతాలని అమ్మ పట్టుబట్టింది. ఆటోలో రోలు ఒక పక్క, తను ఒక పక్క కూర్చుని వచ్చింది. దిగి చీర సవరించుకుంటూ "ఇంటికి తాళమేసి, మీ నాన్నకి చెప్పేసి వస్తా ఉండా" అంది.

"ఏమన్నాడు?" అన్నాను.

"ఆయప్ప ఎప్పుడు మాట్లాడినాడు" అంది.

మా మామ, మేస్త్రీ కలిసి గుండ్రంలో గుంత తీసి రోలు దించి, చుట్టూ మట్టి వేసి కూరారు. మట్టం సరిచూసి పక్కకి జరిగారు. అమ్మ వేయించి తెచ్చిన వేరుశనగలు, మిరపకాయలు సంచీలోంచి తీసింది. పాత గోనెసంచి కూడా అందులోనే ఉంది. దాన్ని మడిచి తన కింద వేసుకుని కూర్చుంది. నడి మధ్యాహ్నం. వెనకటికి ఆ వేళ నాన్న షిఫ్టులో ఉండేవాడు. ఊళ్ళో ఆడవాళ్ళు ఒక్కొక్కరే సందులోంచి లోపలికి వచ్చి గోడ గీతల పక్కన సర్దుకుని కూర్చున్నారు. జాగా చాలక నేను గీత అవతల, పక్కింట్లో నిలబడ్డాను.

అమ్మ రోట్లో వేరుశనగలు పోసింది. రోకలి తీసుకుంది. ఎత్తబోయి ఆగింది. అటు తిరిగి, ఇటు తిరిగి, గోడలు లేని ఆ చేనులో, అలవాటుగా కేకేసింది.

"దంచతా ఉండాము."

ఎవరూ మాట్లాడలేదు. మా ఊరి వాళ్ళకి ఏం చెప్పాలో తెలియదు. అమ్మ రోకలి పట్టుకుని అలాగే చూస్తోంది, జవాబు రాకపోతే ఆమె దంచదు. ఆ రోకలి మళ్ళీ మూలకి పోతుంది, ఈ ఇల్లు గీతలుగానే మిగిలిపోతుంది. గీత అవతల ఉన్నది నేనొక్కదాన్నే. నోరు తెరిచాను. వచ్చింది నా గొంతే కానీ మాట మా పక్కింటి అక్కది.

"ఇడిమ్మా. ఎల్లారుం మేల వందుట్టాంగ."

దంచమ్మా, అందరూ పైకొచ్చేసినారు అని. అమ్మ నా వైపు చూసింది. కళ్ళు తుడుచుకోలేదు, రెండు చేతులూ రోకలి మీదే ఉన్నాయి. తల ఊపి, రోకలి ఎత్తి, బలమంతా పెట్టి దించింది. నా అరికాళ్ళ కింద నేల చిన్నగా అదిరింది. అమ్మ ఆగలేదు.